ఇరవై పంపితే పంతొమ్మిది చేరింది

ఇల్లు, కుట్టు మిషన్ ముందు నుంచి
సోమవారం

అక్కా,

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్‌లో నేను మాట్లాడితే అమ్మ వింటుంది. అమ్మకంటే ముందు నాన్న వింటాడు. చూపు పోయినప్పటి నుంచి ఆయనకి ఒళ్లంతా చెవులే. పక్కింట్లో చెంచా కింద పడితే ఎవరి చేతిలోంచి పడిందో కూడా ఇక్కడ కూర్చుని చెబుతాడు. ఈ రెండు గదుల ఇంట్లో ఇక రహస్యం ఎక్కడ మాట్లాడను? పైగా నువ్వూ నేనూ ఫోన్ పట్టుకుంటే రెండో మాటకే పోట్లాట. కాగితం మీదైతే నా మాటకి నువ్వు అడ్డం రాలేవు.

ఈ కవరూ, దీంతో ఉన్న డిస్కూ సాయంత్రం బస్సులో వస్తాయి. పొద్దున్నే డిపోకి వెళ్లి "మైకమ్మగారి కూతుర్ని" అన్నాను, అంతే. డ్రైవరు లేచి నిలబడి, తీసుకెళ్తానన్నాడు. అమ్మ రిటైరై ఇన్నేళ్లయినా బస్టాండులో ఆవిడ మైకమ్మే. ఒక వయసంతా మైకులో బస్సుల్ని పిలిచిన మనిషి కదా, ఊళ్లో సగం మందికి మొహం తెలియదు కానీ గొంతు తెలుసు.

రికార్డింగ్ అయిపోయింది. మీ ఊళ్లోని వాయిస్ ల్యాబ్ వాళ్లు పంపిన వాక్యాలన్నీ చదివించాను. వీధి చివర ఫోటోగ్రాఫర్ అన్నయ్య తన స్టూడియో ఇచ్చాడు, ఫ్యాను కూడా ఆపేశాడు పాపం. అమ్మ ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, మైకు ముందు నిటారుగా కూర్చుంది. "ఈ రోజు ఆకాశం మబ్బుగా ఉంది", "తలుపు పక్కన గొడుగు పెట్టాను", ఇలాంటివి వందలకి వందలు. ఒక్క తడబాటు లేదు.

వచ్చే సోమవారం ఆపరేషన్. గొంతులో గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసెయ్యక తప్పదని డాక్టరు మళ్లీ చెప్పాడు. ఆ తర్వాత మాట రాదు. రాసి చూపిద్దామంటే నాన్నకి కనిపించదు. అమ్మ టైపు చేస్తే అమ్మ గొంతుతో పలికే ఆ యంత్రం ఒక్కటే దిక్కు. అది సరిగ్గా రాకపోతే వాళ్లిద్దరూ ఒకే మంచం మీద కూర్చుని కూడా ఒకరికొకరు లేనట్టే. ఇది తలుచుకుంటే సూది ఎక్కడ దిగుతోందో నాకు తెలియడం లేదు. నిన్న ఒక జాకెట్ చెయ్యి తిరగేసి కుట్టాను.

ఫోటోగ్రాఫర్ కంప్యూటర్‌లో మొత్తం 20.4 జీబీ అని చూపించింది. నీ దగ్గర డిస్కు పెట్టి చూసి, అంతా చేరిందని ఒక్క ముక్క రాయి. సోమవారం దాటాక ఏది తగ్గినా తెచ్చుకోలేం.

నీ చెల్లి


గోడౌన్, సరుకు దించే గేటు నుంచి
మంగళవారం

చెల్లీ,

డిస్కు చేరింది. చేరాల్సినంత చేరలేదు.

నా పని ఏమిటో నీకు తెలుసు. లారీ వస్తుంది, పంపినవాడి చీటీలో ఇంత బరువని ఉంటుంది, నేను కాటా మీద పెట్టిస్తాను. రెండూ కలిస్తే సంతకం. కలవకపోతే లారీ గేటు దాటదు. తూకం తగ్గిందంటే దారిలో ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. ఇన్నేళ్ల ఉద్యోగంలో దానికి వేరే కారణం నేను చూడలేదు.

నువ్వు 20.4 అన్నావు. మా ఆఫీసు కంప్యూటర్‌లో ఫోల్డర్ మీద నొక్కి చూస్తే 19.0. తీసి మళ్లీ పెట్టాను, అదే. పక్క టేబుల్ మీది కంప్యూటర్‌లో పెట్టాను, అదే. ఒకటిన్నర జీబీకి దగ్గర దగ్గర ఏమైనట్టు? దీనికి తోడు ఇంకో వింత. వాక్యానికి ఒక ఫైలు కదా, నువ్వు పంపిన వాక్యాలకంటే ఫైళ్లు కొన్ని వందలు ఎక్కువగా ఉన్నాయి. సంచులు ఎక్కువ, బరువు తక్కువ. మా గేటు దగ్గర ఇలా జరిగితే నేనేమంటానో తెలుసా? సంచులు విప్పి, సరుకు తీసి, మళ్లీ కుట్టారంటాను. కుట్టడం మా చెల్లికి బాగానే వచ్చు.

నిజం చెప్పు. అమ్మ దగ్గిన చోట్లు కత్తిరించావు కదూ? లేకపోతే గొంతు వణికిన చోట్లు. అమ్మ చేతి మీద కాలిన మచ్చ కనపడుతోందని గ్రూప్ ఫోటో అంచు కత్తెరతో కోసేసిన దానివి నువ్వు. నీకు అమ్మ అందంగానే ఉండాలి. ల్యాబ్ వాళ్లకి అందం అక్కర్లేదు తల్లీ, మొత్తం కావాలి. తక్కువ ఇస్తే గొంతు అతుకులు అతుకులుగా వస్తుందని వాళ్ల కాగితంలోనే రాసి ఉంది.

తీసినవి ఉంటే ఈ ఉత్తరం అందగానే మొదటి బస్సుకే పంపు. నేనేమీ అనను. అన్నా కాగితం మీదే కదా.

అక్క


ఇల్లు నుంచి
బుధవారం

అక్కా,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకాన్ని కాదు కాబట్టి సూటిగా చెబుతున్నాను. నేనేమీ తియ్యలేదు. దగ్గు కూడా అందులోనే ఉంది, వెతుక్కో. ఫోటో సంగతంటావా, అది నాకు పదేళ్లప్పుడు.

నీ ఉత్తరం చదివి, చేతిలో పని అక్కడే పడేసి ఫోటోగ్రాఫర్ దగ్గరికి పరిగెత్తాను. మళ్లీ చూశాడు. 20.4. "మీ అక్కగారిది విండోస్, నాది మ్యాక్, దానివల్ల ఏమన్నా..." అని తల గోక్కున్నాడు. "దానివల్ల సామాను ఎందుకు తగ్గుతుందన్నయ్యా?" అన్నాను. "ఏమోనమ్మా, నాకు లైటింగ్ తెలుసు, లెక్కలు తెలియవు" అన్నాడు. ఇంకో డిస్కు మీదికి మొత్తం మళ్లీ కాపీ చేయించాను. అందులోనూ 20.4 అనే ఉంది, ఈ రెండు కళ్లతో చూసి సంచిలో పెట్టాను. ఈ కవరుతో వస్తోంది. ఇది కూడా నీ దగ్గర తగ్గితే తేడా నీ దగ్గర ఉన్నట్టు. ఆ సిమెంటు దుమ్ములో పెట్టి చూస్తే ఏ కంప్యూటరైనా ఏం చూపిస్తుంది?

అమ్మకి ఏమీ చెప్పలేదు. నిన్నటి నుంచి గొంతు బొంగురుపోతోంది. రోజూ కొంచెం కొంచెం దిగిపోతోంది. నన్ను పిలిచి ఒక మాట చెప్పింది. "మీకు కావలసినవన్నీ చదివేశాను. ఇక సోమవారం దాకా నా గొంతు మీ నాన్నది. నన్ను కదపకండి" అంది. పొద్దున్నే వాళ్లిద్దరూ వెనక వరండాలో కూర్చుంటున్నారు. ఏం మాట్లాడుకుంటారో నేను వినను, మిషన్ గట్టిగా తొక్కుతాను. మధ్యలో నాన్న నవ్వు వినిపిస్తుంది.

అందుకని బాగా చూసుకుని చెప్పు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు మళ్లీ పంతొమ్మిది అనకు.

చెల్లి


గోడౌన్ నుంచి
గురువారం

చెల్లీ,

పంతొమ్మిదే.

కొత్త డిస్కు, కొత్త కాపీ, అయినా పంతొమ్మిది. మేనేజర్ గదిలోని కంప్యూటర్ అడుక్కుని, అక్కడ దుమ్ము లేదు గనక, అక్కడా పెట్టి చూశాను. రెండు డిస్కుల్లో ఒకే కొలత తగ్గిందంటే దారిలో పోయింది కాదు. మొదట్లోనే ఏదో జరిగింది. రికార్డు చేసేటప్పుడే ఒకటిన్నర జీబీ సగం సగం ఎక్కి ఉండాలి, మ్యాక్ దాన్ని ఉన్నట్టు చూపిస్తూ ఉండాలి. నాకు అర్థమైంది ఇంతే.

ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఫైళ్లు చూసే అమ్మాయి సెలవులో ఉందట, శనివారం వస్తుందట. మిగతావాళ్లు "రానివ్వండి, చూద్దాం" అంటున్నారు. శనివారం ఆవిడ వచ్చి "అవును, తక్కువే" అంటే ఆదివారం ఒక్కటే మిగులుతుంది. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు అమ్మ చేత ఏం చదివిస్తాం?

రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. మళ్లీ చదివించు. మొదటి నుంచి చివరి దాకా. ఏవి పోయాయో తెలియనప్పుడు అన్నీ చదవడమే దారి. అమ్మ తిడుతుంది, తిట్టనీ. నేను చెప్పానని చెప్పు. గొంతు మీద భారం వెయ్యొద్దని డాక్టరు అన్నాడని నాకూ తెలుసు. కానీ ఆ గొంతు ఎలాగూ సోమవారం పోతోంది. నాన్న సంగతి ఆలోచించు. ఇప్పుడు నాలుగు రోజులు కబుర్లు చెప్పుకుని, ఆ తర్వాత జన్మంతా గోడల్లా కూర్చుంటారా?

నాకు రెండు రోజులుగా నిద్ర లేదు. నిన్న ఒక లారీని తూకం వెయ్యకుండానే సంతకం పెట్టి పంపేశాను. నా జన్మలో ఇది మొదటిసారి.

అక్క


ఇల్లు నుంచి
శనివారం ఉదయం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. సంతోషమా?

స్టూడియో ఖాళీ లేదు. ఫోటోగ్రాఫర్ తన ల్యాప్‌టాపూ మైకూ ఇచ్చి పంపాడు. మైకు నా కుట్టు మిషన్ మీదే పెట్టాం. ఇస్త్రీ బట్టలూ లేవు, తల దువ్వుకోవడమూ లేదు. పాత నైటీలో, మోకాలు మడిచి కుర్చీ మీద పెట్టుకుని, ఒక చేత్తో వేడినీళ్ల గ్లాసు పట్టుకుని చదివింది. ఫోన్ మోగితే పాడవుతుందని స్విచాఫ్ చేసి పడేశాను.

మొదట చెప్పగానే అమ్మ నన్ను చూసిన చూపు నీకు రాయలేను. "మీ అక్క కాటా మీద నన్ను కూడా తూచిందా?" అంది. తర్వాత కాగితాలు లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ఆకాశం మబ్బుగా ఉంది, "ఉండనీ, నాకేం", గొడుగు తలుపు పక్కన పెట్టాను, "ఏ గొడుగు, మనకి గొడుగెక్కడిదే, పోయినేడు మీ నాన్న బస్సులో వదిలేశాడు కదా". ప్రతి వాక్యానికీ ఒక తోక. నేను ఆపమంటే నన్నూ తిట్టింది. నాన్న పక్కనే కూర్చుని, ఆవిడ దగ్గినప్పుడల్లా నీళ్లు అందివ్వబోయి మైకుని తడుముతూ ఉన్నాడు. ఆయన్నీ తిట్టింది. నిన్న సాయంత్రానికి గొంతులో గాలి తప్ప మాట లేదు. అయినా చివరి కాగితం దాకా వదల్లేదు, ఆ మొండితనం ఎవరికి వచ్చిందో నాకు తెలుసు.

అంతా అయ్యాక నాన్న వరండాలోకి వెళ్లి తన చోట్లో కూర్చున్నాడు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. ఆ పూట మాటలు లేవు. ఆవిడ నోరు తెరిస్తే ఆయనే వద్దన్నాడు. సోమవారం దాకా దాచుకున్న గొంతు అంతా మబ్బులకీ గొడుగులకీ ఖర్చయిపోయింది.

డిస్కు పంపుతున్నాను. ఎన్ని జీబీలో నేను చూడలేదు, చూడను కూడా. కోపంగా ఉంది నీ మీద. రేపు నువ్వు వచ్చేసరికి తగ్గుతుందేమో, మాట ఇవ్వను.

చెల్లి


గోడౌన్ నుంచి
శనివారం సాయంత్రం

చెల్లీ,

రేపు నేను వస్తాను. ఈ ఉత్తరం నాకంటే ముందు బస్సులో వస్తుంది, కావాలనే పంపుతున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఏమీ పోలేదు. మొదటి డిస్కులో అన్నీ ఉన్నాయి. ఒక్క దగ్గు కూడా తగ్గలేదు.

ల్యాబ్ అమ్మాయి పొద్దున పనిలోకి వచ్చింది. వాళ్లు గేటు తెరవకముందే నేను అక్కడ నిలబడి ఉన్నాను. డిస్కు తీసుకుని ఒక కంప్యూటర్‌లో పెట్టింది, 20.4. అదే డిస్కు పక్క కంప్యూటర్‌లో పెట్టింది, 19. నా ముందే. "మీరు తూకం పని చేస్తారు కదండీ, కిలో అంటే ఎన్ని గ్రాములు?" అని అడిగింది. వెయ్యి అన్నాను. "మ్యాక్ కూడా అంతే అనుకుంటుంది. వెయ్యి బైట్లు ఒక కేబీ, వెయ్యి కేబీలు ఒక ఎంబీ, వెయ్యి ఎంబీలు ఒక జీబీ. విండోస్ అలా కాదు. దాని లెక్కలో 1024 అయితేనే ఒకటి." ఎందుకలాగంటే, కంప్యూటర్ లోపల అంతా రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రెట్టింపు అవుతూ పోతుందట. అలా పోతే వెయ్యి దగ్గర ఆగే మెట్టు లేదు, 1024 దగ్గర ఉంది. మొదట్లో ఇరవై నాలుగే కదా తేడా, వెయ్యే అనుకుందాం అన్నారట. కానీ కేబీ నుంచి ఎంబీకి, ఎంబీ నుంచి జీబీకి, మెట్టు మెట్టుకీ ఆ తేడా పెరిగి జీబీ దగ్గరికి వచ్చేసరికి నూటికి ఏడు అయింది. సరుకు అదే. ఒకడు చిన్న కుంచంతో కొలిచి ఇరవై అన్నాడు, ఇంకొకడు పెద్ద కుంచంతో కొలిచి పంతొమ్మిది అన్నాడు. ఇద్దరి కుంచం మీదా జీబీ అనే రాసి ఉంది.

ఎక్కువ వచ్చిన ఫైళ్లంటావా, అవి మ్యాక్ తన గుర్తు కోసం డిస్కులో పెట్టుకునే చిన్న చిన్న చీటీలట. మ్యాక్‌లో కనపడకుండా దాక్కుంటాయి, నా దగ్గర లెక్కలోకి వచ్చాయి.

అన్నిటికంటే నన్ను చంపింది ఏమిటో తెలుసా. కంప్యూటర్ తెర మీద నేను రోజూ చూసిన ఆ పెట్టెలోనే, 19.0 పక్కన బ్రాకెట్లో, బైట్లు మొత్తం పొడుగ్గా రాసి ఉన్నాయి. ఇరవై అని మొదలయ్యే అంకె. ఇరవై వందల కోట్ల పైచిలుకు. నేను దాని వంక చూడనే లేదు. తక్కువని ముందే అనుకున్నాను, తక్కువే చూశాను. అనుమానం పెనుభూతం అని నేనే గేటు దగ్గర కుర్రాళ్లకి చెబుతుంటాను.

బయటికి వచ్చి నీకు ఫోన్ చేశాను, ఎన్నిసార్లో లెక్కలేదు. స్విచాఫ్. మధ్యాహ్నం నీ డిస్కూ ఉత్తరం చేతికి వచ్చాయి. చేతులు కాలాక ఆకులు. అమ్మ నాన్న కోసం దాచుకున్న రోజులు నేను తీసుకున్నాను చెల్లీ. నిన్ను దొంగ అన్నాను, నేనే దొంగనయ్యాను.

మొదటి డిస్కు ల్యాబ్‌లో ఇచ్చేశాను. రెండో రికార్డింగ్ కవరు విప్పలేదు. విప్పే ముఖం లేదు. అల్మారా పైన పెట్టాను.

రేపు నన్ను ఏమన్నా పడతాను. అమ్మ ముందు మాత్రం అనకు.

అక్క


ఇల్లు నుంచి
ఆపరేషన్ అయిన ఆరో వారం, శుక్రవారం

అక్కా,

కుట్లు మానాయి. మెత్తటివి తింటోంది. డాక్టరు గడ్డ మొత్తం పోయిందన్నాడు. ఇవి మంచి వార్తలు, ముందు రాస్తున్నాను.

ల్యాబ్ వాళ్ల యంత్రం మొన్న వచ్చింది. పలక లాంటిది, టైపు చేసి నొక్కితే మాట్లాడుతుంది. నాన్న అంతకు రెండు రోజుల ముందు నుంచి దాని కోసమే ఎదురుచూశాడు, ఆ పొద్దున్నే గడ్డం కూడా గీయించుకున్నాడు. అమ్మ ఒళ్లో పెట్టుకుని టైపు చేసింది. "ఏమండీ, మాత్రలు వేసుకున్నారా?" అని పలికింది.

అక్కా, అది అమ్మ గొంతే. అచ్చంగా అమ్మ గొంతే. కానీ బస్టాండు అమ్మ. మాత్రలు మూడో నంబరు ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉన్నట్టు పలికింది. నాన్న గబుక్కున లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. "రండమ్మా, కూర్చోండి, ఆవిడ లోపల ఉన్నట్టుంది" అన్నాడు.

మైకు కనపడగానే అమ్మ మైకమ్మ అయిపోయింది కదా, అది మనకి తట్టనే లేదు. ఊరందరికీ తెలిసిన గొంతు ఇచ్చింది వాళ్లకి. ఇంట్లో గొంతు ఇవ్వలేదు.

"అమ్మే నాన్నా, అమ్మే మాట్లాడుతోంది" అన్నాను. ఆయన కూర్చుని, "ఆహా, అవునా, బాగుంది" అన్నాడు, ఎవరో తెలియనివాళ్లు మిఠాయి పెడితే అన్నట్టు. అమ్మ ఇంకో రెండు మాటలు టైపు చేసింది. ఆయన రెండింటికీ "సరేనండీ" అన్నాడు. అండీ. అమ్మతో. ఆవిడ యంత్రం కట్టేసి బట్టల కింద పెట్టింది.

అప్పటి నుంచి అరచేతి మీద వేలితో రాస్తోంది. ఆయనకి ఒక అక్షరం అందితే రెండు జారిపోతున్నాయి. నిన్న నీళ్లు కావాలని రాస్తే కిటికీ మూసి వచ్చాడు. అమ్మ విసుగుతో చెయ్యి వదిలేసింది. ఇప్పుడాయన అడగడం మానేశాడు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చుంటున్నాడు. మాట్లాడే మనిషి మాట్లాడటం లేదు, మాట రాని మనిషికి చెప్పే దారి లేదు. మధ్యలో నేను మిషన్ ఆపి ఆపి ఇద్దరికీ మాటలు మోస్తున్నాను. నా ముందు వాళ్లు అనుకోలేని మాటలుంటాయి కదా అక్కా, వాటినెవరు మోస్తారు?

నాకు ఈ ఇంట్లో ఊపిరి ఆడటం లేదు. ఏదో ఒకటి చెప్పు.

చెల్లి


గది నుంచి, రాత్రంతా పడుకోక
ఆదివారం

చెల్లీ,

అల్మారా పైనుంచి కవరు దించాను. విప్పాను. విన్నాను.

ఏముందో నీకు తెలుసు, నువ్వు అక్కడే ఉన్నావు. నాకు తెలియదు కదా. "మీ అక్క కాటా మీద నన్ను కూడా తూచిందా" దగ్గర మొదలైంది, అప్పటికే మైకు ఆన్ చేసి ఉంచినట్టున్నావు. ఆపకుండా చివరి దాకా విన్నాను. నన్ను తిట్టిన చోటల్లా వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. గొంతు బొంగురే, గాలే, అయినా అది వంటింట్లోంచి పిలిచే అమ్మ.

పొద్దున్నే ల్యాబ్‌కి పట్టుకెళ్లాను. ఆదివారం, తాళం వేసి ఉంది. ఆ అమ్మాయి ఇల్లు కనుక్కుని తలుపు కొట్టాను. ఆవిడ కొంచెం విని తల అడ్డంగా ఊపింది. "గొంతు పాడైంది, వెనక చప్పుళ్లున్నాయి, ఎవరో నీళ్లు పోస్తున్నారు, చదవమన్నది వదిలేసి ఏవేవో అంటున్నారు. ఇది మాకు పనికిరాదండీ, మొదటిది చాలా శుభ్రంగా ఉంది" అంది. శుభ్రంగా ఉంది కాబట్టే మా నాన్న లేచి నిలబడ్డాడమ్మా అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. నువ్వు రాసిన ఉత్తరం తీసి అక్కడే చదివి వినిపించాను. "సరేనండీ" దగ్గరికి వచ్చేసరికి ఇక చదవలేకపోయాను. ఆవిడే కాగితం తీసుకుని మిగతాది చదువుకుంది.

చేస్తానంది. ఒక షరతు పెట్టింది. కాగితంలో లేకుండా అమ్మ అన్న ప్రతి మాటా, ఎక్కడ ఏమందో అక్షరం పొల్లు పోకుండా రాసివ్వాలట, లేకపోతే యంత్రానికి ఏ చప్పుడు ఏ మాటో తెలియదట. అమ్మ తిట్లన్నీ వరసగా రాస్తూ కూర్చోవడం నాకు పడ్డ శిక్ష. పనయ్యాక రోజూ అదే చేస్తాను. చాలకపోతే గోడౌన్‌లో సెలవు కూడా పెడతాను.

బాగా వస్తుందని మాట ఇవ్వనంది. బొంగురు అలాగే ఉంటుందంది. నాన్నకి ముందే చెప్పకు. ఆయన ఇంకోసారి ఆశపడి కూర్చుంటే నేను భరించలేను.

అక్క


ఇల్లు నుంచి
గురువారం

అక్కా,

మూడు వారాలు చూశాక నిన్న సాయంత్రం కవరు వచ్చింది, అందులో ఇంకో పలక. నువ్వు చెప్పినట్టే నాన్నకి చెప్పలేదు. అమ్మకి చూపించి, కొత్త గొంతు అని చెవిలో చెప్పాను. వద్దన్నట్టు చెయ్యి తోసేసింది. మళ్లీ ఆ "అండీ" వినలేననుకుంది కాబోలు. నేనూ బలవంతం చెయ్యలేదు, బల్ల మీద పెట్టి వచ్చి పనిలో పడ్డాను.

ఈ పొద్దున గుడ్డ కత్తిరిస్తూ తలెత్తి చూస్తే అది అమ్మ ఒళ్లో ఉంది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తోంది. నాన్న కిటికీ దగ్గర అటు తిరిగి ఉన్నాడు. నేను కత్తెర ఆపేశాను.

"ఏమండీ, చొక్కా తిరగేసి వేసుకున్నారు."

నాన్న చెయ్యి అలవాటుగా కాలరు మీదికి పోయింది. కుట్టు తడుముకుని చూసుకున్నాడు. "పొద్దున్నుంచి చూస్తూ ఇప్పుడా చెప్పడం?" అని విసుక్కుంటూ మొదటి గుండీ విప్పాడు. రెండో గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

నాకు మిషన్ మీద ఏదో ఒకటి గట్టిగా తొక్కాలనిపించింది. ఈలోపే ఆయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. "ఏదీ, ఇంకోసారి అను" అన్నాడు.

అమ్మ టైపు చేసింది. "ఏమనాలి? చొక్కా విప్పి సరిగ్గా వేసుకోండి. పిల్ల చూస్తోంది."

నాన్న నవ్వలేదు. లేచి, గోడ పట్టుకుని, మంచం తడుముకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆవిడ టైపు చేస్తూనే ఉంది. గొడుగు పోయిన సంగతి, నీ గోడౌన్ సంగతి, ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ సంగతి. ఇన్ని వారాలుగా పేరుకున్నదంతా. ఆయన మధ్య మధ్యలో "ఊఁ", "అలాగా", "నువ్వు ఊరుకో" అంటున్నాడు. నువ్వు అన్నాడక్కా. అండీ లేదు.

నేను వరండాలోకి వచ్చేశాను. అక్కడికి కూడా వినిపిస్తూనే ఉంది. ఒక గంట అయి ఉంటుంది, నాన్న మాట కొంచెం గట్టిగా వినిపించింది.

"గొంతు బొంగురుపోయింది. ఇక చాల్లే, మాట్లాడకు, నొప్పి పుడుతుంది."

అమ్మ వినలేదు. ఇంకా టైపు చేస్తూనే ఉంది.

నీ చెల్లి